ఉప్పు కాని క్లోరైడు

మా ఊళ్లో పుట్టినవాళ్లకి ఒక జబ్బుంది. తెల్లగా ఉండి నీళ్లలో కరిగేది ఏదైనా సరే, మాకది ఉప్పే. సముద్రం ఒడ్డున మడులు కట్టి, నీళ్లు ఎండబెట్టి, ఉప్పు తీసుకుని బతికే ఊరు మాది. మా తాత ఆ మడుల్లోనే పనిచేశాడు, మా నాన్నా అంతే. నేను బల్గేరియా రాజధాని సోఫియా వెళ్లి రసాయనశాస్త్రం చదివొచ్చి, అదే ఊళ్లో ఇరవై ఆరేళ్లు పాఠం చెప్పాను. అయినా ఆ జబ్బు నన్ను వదల్లేదు. పైగా దానికి నేనో పాట కట్టాను: లోహం ఇస్తుంది, అలోహం పుచ్చుకుంటుంది, అది అయానిక బంధం. ఇద్దరూ అలోహాలైతే పంచుకుంటారు, అది సమయోజనీయ బంధం.

ఎనిమిదో తరగతి పిల్లలు దీన్ని బల్లల మీద దరువేస్తూ పాడేవారు. నా పేరు రుసానా దోయ్‌చెవా. కమ్యూనిస్టు రోజులు కాబట్టి పిల్లలు ఎదురుగా ‘కామ్రేడ్ టీచర్’ అనేవారు, కానీ నా వెనక నన్ను ‘ఇస్తుంది–పుచ్చుకుంటుంది’ అని పిలిచేవారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి మురిసిపోయేదాన్ని. సిగ్గుపడాల్సిన సంగతుల్లో ఇది చిన్నది కాబట్టి ముందు దీన్ని చెప్పేస్తున్నాను.

ఆ ఏడాది ఎనిమిదో తరగతిలో కెరానా అనే పిల్ల ఉండేది. రెండో బల్ల, కిటికీ పక్క. వాళ్ల నాన్న హరలాన్ ఉప్పు మడుల్లో పనివాడు. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. వేసవి చివర కొత్త ఉప్పు చేతికొచ్చాక ఒక్కో ఇంటివాళ్లూ పిల్లల టీచరుకి చిన్న గుడ్డసంచీలో ఉప్పు పంపుతారు. కెరానా తెచ్చిన సంచీ మా వంటింట్లో పొయ్యి పక్కన మేకుకి వేలాడుతూ ఉండేది. అందులో ఎండిన ఆకులూ మిరపపొడీ కలిపి రోజూ రొట్టె అద్దుకు తినేదాన్ని.

కెరానాకి బుర్గాస్‌లో ఉన్న రసాయనాల టెక్నికల్ స్కూల్లో చేరాలని ఆశ. వాళ్ల పిన్ని ఆ ఊళ్లోనే ఓ ఫ్యాక్టరీ లాబులో పనిచేసేది. ఆ స్కూలుకి దరఖాస్తు పెట్టాలంటే రసాయనశాస్త్రంలో టర్మ్ మార్కు ఆరు ఉండాలి. మా లెక్కలో ఆరంటే అన్నిటికంటే పైమార్కు, రెండంటే తప్పినట్టు. ఆరు రాకపోతే మా ఊళ్లోనే కుట్టుపని బడి ఉంది, అక్కడ చేరాలి. ఆ పిల్లకి సూదిలో దారం ఎక్కించడం కూడా చేతకాదు. జనవరి నాటికి ఆమె పేరు ఎదురుగా రెండు ఆరులున్నాయి. బోర్డు దగ్గర ఇంకొక్కసారి జవాబు చెబితే టర్మ్ ముగిసినట్టే.

ఆ రోజు ఆమెని పిలిచాను.

"అల్యూమినియం క్లోరైడ్. బంధం ఏది?"

పాట వచ్చినవాళ్లెవరైనా రెప్పపాటులో చెప్పే జవాబు. కెరానా చెప్పలేదు. తలెత్తి గోడకి వేలాడుతున్న మూలకాల పట్టిక వంక చూసింది. ఎలక్ట్రాన్లని లాక్కునే బలం ఏ మూలకానికి ఎంతో అందులో అంకెలుంటాయి. పెదాలు కదిలాయి. సుద్దముక్క తీసుకుని బోర్డు మూల చిన్న అంకెలతో తీసివేత వేసింది. మూడులోంచి ఒకటిన్నర పోతే ఒకటిన్నర.

"సమయోజనీయం, కామ్రేడ్ టీచర్."

క్లాసంతా గొల్లుమంది. వెలిక అనే వాగుడుకాయ ఒకతి ఉండేది, వెనక బల్లలోంచి అరిచింది: "అయ్యో పాపం, పాట మర్చిపోయిందే! ఎత్తుకోండ్రా, అందిద్దాం!"

"నోర్మూయ్ వెలికా," అన్నాను, నాకూ నవ్వొస్తూనే ఉంది. "అల్యూమినియం ఏంటి కెరానా?"

"లోహమండీ."

"క్లోరిన్?"

"అలోహం."

"మరింకేంటి?"

"తేడా ఒకటిన్నరే వచ్చిందండీ. ఒకటీ పాయింట్ ఏడు దాటితేనే అయానికం అనుకోవచ్చని పట్టిక కింద మీరే రాయించారు. ఇంకోటి... మా పిన్ని వాళ్ల లాబులో దాన్ని వేడిచేస్తే కరగకుండానే పొగై లేచిపోతుందంట. ఉప్పు అట్లా లేవదు కదండీ?"

ఆ పిల్ల గొంతులో పొగరు లేదు. నాతో కలిసి ఒక వింత చూద్దామన్న సంబరం ఉంది. "కూర్చో, రేపు చూసి చెప్తా" అంటే సరిపోయేది. నాలుగు మాటలు. అవి నా నోటికి రాలేదు. ఇన్‌స్పెక్టరు వెనక బల్ల మీద కూర్చుని ఉంటే ఆ సాకైనా మిగిలేది. అతనూ లేడు. ఉన్నదల్లా నా పాట, దాన్ని కాదన్న పద్నాలుగేళ్ల పిల్ల.

"టీచర్ని నేనా, మీ పిన్నా?" అన్నాను.

మళ్లీ నవ్వులు. కెరానా చెవులు ఎర్రబడ్డాయి.

"సరే. నా మాటా వద్దు, మీ పిన్ని మాటా వద్దు. బల్బునే అడుగుదాం."

ఆ పరికరం మా బడిలో అందరికీ తెలిసిందే. చెక్క పీట మీద బ్యాటరీ, చిన్న బల్బు, రెండు బొగ్గు కడ్డీలు. కడ్డీల్ని పంచదార నీళ్లలో ముంచితే బల్బు వెలగదు, ఉప్పు నీళ్లలో ముంచితే వెలుగుతుంది. బీరువాలోంచి అల్యూమినియం క్లోరైడ్ సీసా తీసి, చిటికెడు పొడి నీళ్లలో వేశాను. బుస్సుమంది. తెల్లటి పొగ లేచి ముందు బల్ల పిల్లలు దగ్గారు. గాజు బీకరు నా చేతికి వెచ్చగా తగిలింది. ఉప్పు నీళ్లలో పడితే ఎప్పుడైనా బుస్సుమంటుందా? ఉప్పు మడుల మధ్య పుట్టినదాన్ని, నాకా ప్రశ్న తట్టనే లేదు. కడ్డీలు ముంచాను. బల్బు వెలిగింది.

క్లాసు చప్పట్లు కొట్టింది. వెలిక పాట ఎత్తుకుంది.

"నీళ్లలో పడ్డాక విడిపోయిందేమోనండీ," అంది కెరానా, నాకు మాత్రమే వినబడేలా.

"రెండు," అన్నాను అందరికీ వినబడేలా. రిజిస్టరు తెరిచి సిరాతో రాశాను. ఆమె మార్కుల పుస్తకం తీసుకుని అందులోనూ రాశాను. ఇంట్లో సంతకం పెట్టించి తేవాలి. ఆ పిల్ల పుస్తకం మూసి, వెళ్లి కూర్చుంది. ఏడవలేదు.

మధ్యాహ్నం బడి వదిలాక సామాను గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. నన్నెవరూ చూడటం లేదు కాబట్టి రెండు గాజు గొట్టాలు తీశాను. ఒకదాంట్లో ఉప్పు, ఒకదాంట్లో ఆ పొడి. స్పిరిట్ దీపం వెలిగించాను. ఉప్పు చిటపటలాడి అలాగే కూర్చుంది. రెండో గొట్టంలో పొడి కరగనైనా లేదు. పొగై లేచి, పైన చల్లగా ఉన్న గాజుకి తెల్లగా పేరుకుంది. అడుగున దాదాపు ఏమీ మిగల్లేదు. కాలేజీ రోజుల నాటి పుస్తకం దించి చూస్తే, నేనే ఇరవై రెండేళ్ల వయసులో పెన్సిలుతో గీత గీసిన వాక్యం కనబడింది: ఇది పొగగా లేచినప్పుడు అణువులు జంటలుగా ఉంటాయి, బంధం సమయోజనీయం.

అంటే నాకు ఒకప్పుడు తెలుసు. పాట పాడీ పాడీ మర్చిపోయాను.

గొట్టం కడిగేశాను. రెండుసార్లు కడిగాను. ఆ తెల్లటి పొర ఎవరి కంటా పడకూడదని.

ఎందుకు దాచానంటే, మా బడిలో రిజిస్టరు మార్కు దిద్దడమంటే మాటలు కాదు. తప్పు మార్కుని ఎర్ర సిరాతో కొట్టేయాలి. పక్కన కొత్త మార్కు, దిద్దడానికి కారణం, నా సంతకం, బడి డైరెక్టరు సంతకం, గుండ్రటి ముద్ర. తర్వాత దాన్ని ఆ క్లాసులోనే పైకి చదివి వినిపించాలి. అప్పటిదాకా నా పేజీల్లో ఒక్క ఎర్రగీత లేదు. కొత్త టీచర్లకి నా రిజిస్టరు చూపించి బుద్ధి చెప్పేవారు. ఆ సాయంత్రం రొట్టె ఉప్పులో అద్దబోయి, పొయ్యి పక్క సంచీ కంటబడి, చప్పిడి రొట్టె తిన్నాను. ఉప్పు తిన్న ఇంటికే ఇలా చేశానన్న మాట మనసులో మెదిలింది. మర్నాడు సంచీని అలమరలోకి మార్చాను. అంతవరకే చేశాను.

ఎనిమిది రోజులు గడిచాయి. పాఠం ఆమ్లాల దగ్గరికొచ్చింది. ఏటా చేసినట్టే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కడ్డీలు ముంచాను, బల్బు వెలిగింది. ఏటా చెప్పే మాటలు నన్నడక్కుండానే నోట్లోంచి వచ్చేశాయి:

"హైడ్రోజన్ అలోహం, క్లోరిన్ అలోహం. బంధం సమయోజనీయం. అయినా బల్బు వెలిగింది, ఎందుకని? నీళ్లు వాటిని విడదీశాయి. కాబట్టి నీళ్లలో బల్బు వెలిగింది కదా అని అయానిక బంధం అనేయకూడదు."

చివరి మాట దగ్గర నా నాలుక మడతపడింది. వెలిక నోరు తెరుచుకుని కెరానా వంక చూసింది, తర్వాత నా వంక. ముప్పై మంది పిల్లల్లో తలెత్తనిది కెరానా ఒక్కతే. వంచిన తల వంచినట్టే నేను చెప్పింది అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటోంది. ఆ పిల్ల చెయ్యెత్తి నిలదీస్తే బాగుండునని నాకు అనిపించింది. నేను పడాల్సిన సిగ్గు కూడా తనే పడుతున్నట్టు కూర్చుంది.

గంట కొట్టగానే నేరుగా డైరెక్టరు గదికి వెళ్లాను. ప్రొదాన్ వుల్చానోవ్, నాకంటే రెండేళ్లు పెద్ద, నేనీ బడిలో చేరినప్పటి నుంచి ఒకరికొకరం తెలుసు. అంతా విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నీకేమైనా పిచ్చా రుసానా? టర్మ్ చివర్లో ఎర్రగీతా? వచ్చే నెల తనిఖీకి వస్తున్నారు."

"ఆ పిల్ల బుర్గాస్ వెళ్లాలి."

"వెళ్లనీ. ఎవరొద్దన్నారు? మళ్లీ పిలువు, మళ్లీ అడుగు, ఆరు వెయ్. పిల్ల దిద్దుకుందని టర్మ్ మార్కు ఆరు వేసేయ్. ఆ హక్కు నీకుంది. పాము చావాలి, కర్ర విరగకూడదు."

ఆ సామెత విన్నప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

మర్నాడు కెరానాని బోర్డు దగ్గరికి పిలిచాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. అదే ప్రశ్న అడుగుదాం, ఆమె తన జవాబే చెబుతుంది, "శభాష్" అంటాను, ఇద్దరికీ పరువు దక్కుతుంది.

"అల్యూమినియం క్లోరైడ్. బంధం ఏది కెరానా?"

ఆమె నేల వంక చూసింది.

"అయానికం, కామ్రేడ్ టీచర్."

"ఎందుకని?" అన్నాను.

"లోహం ఇస్తుంది, అలోహం పుచ్చుకుంటుంది."

క్లాసు నా వంక చూస్తోంది. ఇక్కడైనా చెప్పొచ్చు. ఇక్కడైనా ఆపొచ్చు. చేతిలో కలం ఉంది, ముందు రిజిస్టరు ఉంది, డైరెక్టరు సలహా చెవిలో ఉంది.

"ఆరు," అన్నాను.

తప్పు జవాబుకి ఆరు వేశాను, తప్పని తెలిసి వేశాను. ఆమె పుస్తకంలో రెండు కింద ఆరు రాశాను. "థాంక్సండీ," అని పుస్తకం తీసుకుంది.

మరుసటి పొద్దున్నే హరలాన్ వచ్చాడు. చలికాలం మడుల్లో ఉప్పు ఉండదు, తూములు బాగుచేసే పని ఉంటుంది. రబ్బరు బూట్లతోనే వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని స్టాఫు గది బయట నిలబడ్డాడు. ఉప్పునీళ్లకి పగిలిన వేళ్లతో న్యూస్‌పేపరులో చుట్టిన మార్కుల పుస్తకం విప్పాడు.

"ఈ ఆరుకి సంతకం పెట్టలేదు టీచరమ్మా. ముందు మిమ్మల్ని ఓ మాట అడిగి పెడదామని."

"అడుగు హరలాన్ అన్నా."

"రెండొచ్చిన రోజు మా పిల్ల ఏడవలేదు. ‘నేను చెప్పింది తప్పు కాదు నాన్నా, టీచరమ్మకి తెలుస్తుందిలే’ అని సుబ్బరంగా రొట్టె తిని పడుకుంది. నిన్న ఆరు తెచ్చి ఒకటే ఏడుపు. ఇదెక్కడి చోద్యమో నాకు బోధపళ్లేదు. మీరు చదువుకున్నోళ్లు, మీరే చెప్పండి."

నేను స్టాఫు గది తలుపు లాగి మూశాను.

"గట్టిగా అడిగితే ‘అబద్ధం చెప్పి తెచ్చుకున్నా’ అంటది." గొంతు తగ్గించాడు. "కాపీ కొట్టిందా టీచరమ్మా? కొడితే చెప్పేయండి. మా ఇంట్లో దొంగ బుద్ధులు లేవు. బుర్గాస్ మాట మళ్లీ ఎత్తను, కుట్టుపనికే పంపుతా."

కూతురు దొంగేమోనని ఆయన తల వంచుకుని నా ముందు నిలబడ్డాడు. నేను దొంగనై ఆయన ముందు తలెత్తుకుని నిలబడ్డాను.

"కాపీ కొట్టలేదు అన్నా. ఆ రోజు కెరానా చెప్పిందే నిజం. నేనే తప్పు. అది ఒప్పుకోలేక, నిన్న దాని చేత తప్పు చెప్పించి ఆరు వేశాను."

ఆయన పుస్తకం తెరిచి రెండు మార్కు మీద వేలు పెట్టాడు.

"మీకెప్పుడు తెలిసింది?"

ఈ ప్రశ్నకి డైరెక్టరు దగ్గర కూడా సలహా లేదు.

"అదే రోజు. మధ్యాహ్నం."

హరలాన్ సంతకం పెట్టకుండానే పుస్తకం మళ్లీ పేపర్లో చుట్టి నాకిచ్చాడు. తర్వాత టోపీ పెట్టుకున్నాడు. మా ఊళ్లో మగవాళ్లెవరూ బడి లోపల, టీచరు ఎదుట టోపీ పెట్టరు. గడప దాటాకే పెడతారు. ఆయన అక్కడే, నా కళ్ల ముందే పెట్టుకుని వెళ్లిపోయాడు. నన్ను తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

ఆ గంటలోనే రిజిస్టరు పట్టుకెళ్లి డైరెక్టరు బల్ల మీద పెట్టాను. ఎర్ర సిరాతో రెండుని కొట్టేసి ఆరు రాశాను. తర్వాత, తప్పు జవాబుకి వేసిన ఆరుని కూడా కొట్టేశాను.

"ఒకే వరసలో రెండు ఎర్రగీతలా!" అని లేచాడు ప్రొదాన్. "కనీసం కారణం దగ్గర ‘రాతలో పొరపాటు’ అని రాయి తల్లీ, నీకు దణ్ణం పెడతా."

‘మొదటిసారి విద్యార్థిని జవాబు సరైనది, ఉపాధ్యాయురాలిదే తప్పు. రెండోసారి తప్పని తెలిసే మార్కు వేయడమైనది’ అని రాశాను. ఆయన చదివి, నా వంక చూసి, ముద్ర గుద్దాడు. బల్ల అదిరింది.

కెరానాకి బుర్గాస్‌లో సీటు వచ్చింది. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, కథ దానికోసం కాదు కాబట్టి.

నాలుగో పీరియడ్‌లో క్లాసు ముందు నిలబడి ఆ రెండు వాక్యాలూ చదివాను. మొదటిది గట్టిగా చదవగలిగాను. రెండోదాని దగ్గర తడబడి, మళ్లీ మొదట్నుంచి చదవాల్సి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. వెలిక బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. గాజు గొట్టంలో ఆ పొడి వేసి దీపం మీద పెట్టి అందరికీ చూపించాను. అది పొగై లేచి పైన తెల్లగా పేరుకుంది. "ఉప్పు కాదే!" అన్నారు ఎవరో.

"కెరానా," అన్నాను, "నువ్విక్కడికి రా. మార్కుల కోసం కాదు. ఇది చెప్పాల్సింది నువ్వు, నేను కాదు. అల్యూమినియం క్లోరైడ్‌లో బంధం ఏది?"

ఆమె లేచి వచ్చింది. పట్టిక ఎప్పటి గోడకే వేలాడుతోంది. సుద్దముక్క అక్కడే ఉంది. గొట్టం ఇంకా నా చేతిలో వేడిగానే ఉంది. మొదటిసారి ఇదే ప్రశ్న అడిగినప్పుడు ఆ పిల్ల తలెత్తి పట్టిక వంక చూసింది.

ఈసారి నా మొహం వంక చూసింది. నాకు ఏ జవాబు కావాలో వెతుకుతూ, చాలాసేపు చూసింది.